బట్టీ పట్టిన పాఠం

(పూర్వ విద్యార్థి, 1999 పదో తరగతి బ్యాచ్)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మ్యాగజైన్ కమిటీ వాళ్లు అడిగారు. జీవితంలో పైకి రావడం గురించి రాస్తానని వాళ్లు అనుకొని ఉంటారు. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు మన హాస్టల్ నుంచి చాలామందే వెళ్లారు. నాకు బాగా తెలిసింది ఒక పొయ్యి. మా ఇంటి వెనక ఇటుకలతో కట్టుకున్న పిజ్జా బట్టీ. అది ఒకసారి పగిలింది. ఎందుకు పగిలిందో తెలుసుకోవడానికి పదో తరగతి ఉష్ణం పాఠం నేను మళ్లీ మొదటినుంచీ చదవాల్సి వచ్చింది. కాబట్టి దీన్ని పాఠంగానే చదవండి. మధ్యలో లెక్కలు ఉన్నాయి, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ఆ పాఠాన్ని రాత్రి స్టడీ అవర్‌లో నేను బట్టీ పట్టినవాణ్ణే. "ఒక గ్రాము నీరు వంద డిగ్రీల దగ్గర ఆవిరిగా మారడానికి 540 కేలరీలు కావాలి, దీన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు" అని ముందుకీ వెనక్కీ ఊగుతూ చదివాను. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. అదే సమయంలో వంటశాలలో మా కామాటి రాత్రి భోజనాలు అయ్యాక మర్నాటి కట్టెలను పొయ్యి చుట్టూ పేర్చి పడుకునేవాడు. వానాకాలంలో ఒక్కరోజు అలా పేర్చకపోతే పొద్దున ఉప్మా తొమ్మిదింటికి గానీ అయ్యేది కాదు. నేను చదివే వాక్యం, ఆయన చేసే పని ఒకటేనని నాకు తట్టలేదు. తట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది, కొంత డబ్బూ పోయింది.

చెన్నైలో ఒక హోటల్ వంటగదిలో ఏడేళ్లు పనిచేశాను. గిన్నెలు కడగడంతో మొదలై, కట్టెల బట్టీ ముందు నిలబడి పిజ్జాలు కాల్చే పని దాకా వచ్చాను. 2020లో లాక్‌డౌన్ పెట్టాక హోటల్ మూతపడింది. గూడూరు దగ్గరి మా ఊరికి వచ్చేశాను. 2021 ఎండాకాలంలో అమ్మ పేరు మీద డ్వాక్రా గ్రూపులో 50 వేలు తీసుకుని, ఒక మేస్త్రిని పెట్టుకుని ఇంటి వెనక బట్టీ కట్టాను. గ్రూపు అప్పు సంగతి మీ ఇళ్లలోనూ తెలిసిందే. ఒకరు కంతు కట్టకపోతే అది మిగతావాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

పిజ్జా పుట్టినిల్లు ఇటలీలోని నేపుల్స్ నగరం. అక్కడి పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. వాళ్ల పద్ధతిలో బట్టీ గచ్చు 380 నుంచి 430 డిగ్రీల సెల్సియస్, పైన గుమ్మటం 485 డిగ్రీల దగ్గర ఉండాలి. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. ఈ గుమ్మటపు బట్టీ చాలా పాతది. నేపుల్స్ పక్కనే ఉన్న పాంపే పట్టణం క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. తవ్వకాల్లో అక్కడ ఒక బేకరీ బట్టీలో 81 రొట్టెలు బొగ్గై అలాగే దొరికాయి.

నా బట్టీ లోపల 36 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు. గుమ్మటం మన మామూలు కాల్చిన ఇటుక, గోడ మందం నాలుగున్నర అంగుళాలు. గచ్చుకు మాత్రం ఫైర్ బ్రిక్ వేశాను. నోటి ఎత్తు పదకొండు అంగుళాల పైచిలుకు. లోపలి ఎత్తులో నూటికి 63 వంతులు నోటి ఎత్తు ఉండాలని బట్టీలు కట్టేవాళ్ల లెక్క. అంతకన్నా ఎక్కువైతే వేడి బయటికి పోతుంది, బాగా తక్కువైతే పొగ సరిగా తిరగదు. ఈ లెక్క తప్పకుండా పాటించాను. పాటించనివే ఎక్కువ.

మొదటి నెలల్లో రోజుకు 30 కిలోల సరుగుడు కట్టె మింగేది. పిజ్జా పైన మాడిపోతున్నా అడుగు తెల్లగానే ఉండేది. రాత్రి పదికి నిప్పు ఆపితే తెల్లారేసరికి గోరువెచ్చగా కూడా ఉండేది కాదు. బయటి గోడ మీద చెయ్యి పెడితే కాలేది. ఆ సెగను చూసి, బట్టీ భలే మండుతోందని నేను మురిసిపోయేవాణ్ణి. అమ్మ ఒకరోజు చూసి, "ఏందిరా నాయనా, దీనికి మెత్తకుండా ఊరికే నిలబెట్టావే?" అంది.

మా అమ్మానాన్న సంక్రాంతి దాటాక తిరువళ్లూరు వైపు ఇటుక బట్టీల్లో పనికి వెళ్లి వానలకు తిరిగొచ్చేవాళ్లు. అందుకే నేను హాస్టల్లో పెరిగాను. పచ్చి ఇటుకలు పేర్చి బట్టీ కట్టాక, నిప్పు పెట్టే ముందు చుట్టూ బురద మెత్తుతారు. మా అమ్మ ఎన్ని బట్టీలకు మెత్తిందో లెక్కలేదు. మెత్తు పలచనైన చోట ఇటుక సరిగా కాలదు, ఎర్రబడదు, కూలీ కోస్తారు. వేడి ఎటు పోతుందో ఆమెకు చేతి కూలితో తెలుసు. నేను మాత్రం, "అది వేరు, ఇది వేరు అమ్మా" అన్నాను.

దాచుకోవడం, పట్టి ఉంచడం

ఇటుక వేడిని దాచుకుంటుంది. నా బట్టీలో గచ్చు, గుమ్మటం కలిపి సుమారు 450 కిలోల ఇటుక ఉంది. ఇటుక విశిష్టోష్ణం సుమారు 0.2. అంటే కిలో ఇటుకను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.2 కిలో కేలరీలు. సగటున 300 డిగ్రీలు పెంచాలంటే 450 × 0.2 × 300 = 27,000 కిలో కేలరీలు. గాలికి ఆరిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కేలరీలు ఇస్తుంది. లెక్క ప్రకారం ఎనిమిది కిలోల కట్టె చాలాలి. చాలా వేడి పొగతోనే పోతుంది కాబట్టి రెట్టింపు వేసుకుందాం. మిగతా కట్టె ఎటు పోయినట్టు?

గోడ గుండా బయటికి, గచ్చు గుండా కిందికి. మామూలు ఇటుక ఉష్ణవాహకత సుమారు 0.7 (యూనిట్లు మీ పుస్తకంలో చూసుకోండి). బట్టీలకు చుట్టే సెరామిక్ ఫైబర్ దుప్పటిది, అది బాగా వేడెక్కినప్పుడు కూడా, 0.1 దగ్గర ఉంటుంది. అంటే ఒక అంగుళం దుప్పటి ఏడు అంగుళాల ఇటుకతో సమానం. మూడు అంగుళాలు చుడితే 21 అంగుళాల గోడ కట్టినట్టే. పైగా అంత గోడ కడితే ముందు ఆ గోడనంతా వేడెక్కించాలి. దుప్పటికి ఆ బెడద లేదు, ఎందుకంటే అందులో ఉన్నదంతా దాదాపు గాలే. కదలకుండా చిక్కుకున్న గాలి ఉష్ణవాహకత 0.025 మాత్రమే. హాస్టల్లో చలికాలం మనకిచ్చిన రగ్గు చేసే పనీ ఇదే. రగ్గు వేడి పుట్టించదు, మన ఒంటి వేడిని పోనివ్వదు.

ఇప్పుడు ఆ రగ్గును తడిపి కప్పుకోండి. నీటి ఉష్ణవాహకత 0.6. గాలి ఉన్న సందుల్లోకి నీరు చేరితే అక్కడ వేడి ఇరవై రెట్లకు పైగా తేలిగ్గా దాటిపోతుంది. అందుకే బట్టీకి దుప్పటి కప్పడం, వాన తగలకుండా చూడడం రెండూ ఒకే పని. ఒకటి చేసి రెండోది వదిలేస్తే మొదటిదీ దండగే.

2021 నవంబరు

మన నెల్లూరు ప్రాంతంలో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు వానలను, పెన్నా వరదను మీలో పెద్దవాళ్లు మరిచిపోయి ఉండరు. బట్టీ మీద టార్పాలిన్ కప్పి తాడుతో బిగించాను. అంతటితో నా జాగ్రత్త అయిపోయింది. వానలు కాస్త తెరిపిచ్చాక ఒక పుట్టినరోజుకు 40 పిజ్జాల ఆర్డరు వచ్చింది. అడ్వాన్సు తీసుకున్నాను. బట్టీ చల్లబడి ఉంది కదా, త్వరగా వేడెక్కాలని మామూలుకన్నా పెద్ద మంట పెట్టాను.

గంటసేపు ఒకటే తెల్లటి ఆవిరి. తరువాత లోపల టపాకాయ పేలినట్టు చప్పుడు. గుమ్మటం లోపలివైపు ఇటుక పెచ్చులు గచ్చు మీద పడ్డాయి. రెండో చప్పుడుకు నోటి దగ్గర నుంచి నడినెత్తి దాకా వేలు దూరేంత బీట వచ్చింది. ఆర్డరు పోయింది, అడ్వాన్సు వెనక్కి ఇచ్చాను. ఆ నెల మా కంతు గ్రూపులో మిగతా ఆడవాళ్లు తలా కొంత వేసి కట్టారు. వాళ్లెవరూ మమ్మల్ని ఒక మాట అనలేదు. అమ్మ మాత్రం నెల రోజులు ఆ వీధిన నడవడం మానేసింది.

రిటైరైన మా ఫిజికల్ సైన్స్ మాస్టారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన సానుభూతి చెప్పలేదు. "ఇటుక ఎంత నీరు తాగుతుందో తూచి చూశావా?" అని అడిగారు. ఇంటికొచ్చి తూచాను. ఎండిన ఇటుక మూడు కిలోలు. రాత్రంతా బక్కెట్లో నానబెట్టి, పైతడి తుడిచి తూస్తే మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఈ ప్రయోగం మీరూ చెయ్యండి, హాస్టల్ వంటశాలలో త్రాసు ఉంటుంది.

నా బట్టీ పూర్తిగా నానలేదనుకుని బరువులో పదో వంతే లెక్క వేద్దాం. 450 కిలోల ఇటుకలో 45 లీటర్ల నీరు. 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి లీటరుకు 70 కిలో కేలరీలు, ఆవిరి చేయడానికి మరో 540. మొత్తం 610. 45 × 610 = 27,450.

పైన ఇటుకలకు వచ్చిన లెక్క చూడండి. 27,000. బట్టీ మొత్తాన్ని 300 డిగ్రీలు వేడెక్కించడానికి ఎంత కట్టె కావాలో, అది తాగిన నీటిని వెళ్లగొట్టడానికే అంత కట్టె కావాలి. మాస్టారి ముందు కూర్చుని ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసినప్పుడు, మా కామాటి పొయ్యి చుట్టూ కట్టెలు పేర్చడం నా కళ్ల ముందు కదిలింది.

పగలడానికి కారణం కూడా ఆ నీరే. నీరు ఆవిరైతే దానికి 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. నెమ్మదిగా వేడి చేస్తే ఇటుక రంధ్రాల్లోంచి దారి చూసుకుని పోతుంది. ఒక్కసారిగా వేడి చేస్తే దారి చాలక ఇటుకనే బద్దలు కొడుతుంది. మేస్త్రి వేసిన సిమెంటు మాలు ఇంకో తప్పు. సిమెంటులో పుట్టే సున్నం 400 డిగ్రీలు దాటాక నీటిని వదిలేసి పొడి సున్నంగా మారుతుంది. తరువాత వానతడి తగిలితే మళ్లీ ఉబ్బుతుంది. అలా ఒకసారి కాలి, ఒకసారి తడిసి, కీళ్లు చేత్తో గీరితే రాలిపోయే స్థితికి వచ్చాయి.

బాగుచేసిన వైనం

పెచ్చులు ఊడిన చోట్ల, బీట పొడవునా పాత మాలు గీకేసి మూడు పాళ్లు ఇసుక, ఒక్కో పాలు సిమెంటు, సున్నం, ఫైర్ క్లే కలిపిన మాలు నింపాను. ఇందులో సిమెంటు మొదట పట్టు ఇస్తుంది, అది పోయినా ఫైర్ క్లే నిలుస్తుంది. వెంట్రుకవాసి బీటలను పట్టించుకోలేదు. వేడెక్కినప్పుడు గుమ్మటం సాగక తప్పదు, ఆ బీటలు దాని కీళ్లనుకోవచ్చు.

తరువాత గచ్చు. పిజ్జా అడుగు కాలకపోవడానికి కారణం కింది కాంక్రీటు శ్లాబే. ఫైర్ బ్రిక్‌ను నేరుగా దాని మీద పరిచాను. వేడంతా శ్లాబులోకి దిగిపోయేది. ఇటుకలు తీసి, కింద రెండు అంగుళాల కాల్షియం సిలికేట్ బోర్డు పరిచి మళ్లీ పెట్టాను. గచ్చు రెండు అంగుళాలు లేచింది, నోరు ఆ మేరకు పొట్టిదైంది, 63 వంతుల లెక్క కాస్త తప్పింది, పొగ నోట్లోంచి కొంచెం ఎక్కువ వస్తోంది. కొత్తగా కట్టేవాళ్లయితే ఈ పని మొదటే చెయ్యండి. గుమ్మటం ఎప్పుడైనా కప్పవచ్చు, గచ్చు కింద తరువాత పెట్టడం నరకం.

గుమ్మటం పైన రెండు అంగుళాల సెరామిక్ దుప్పటి, దానిమీద కోళ్ల జాలీ బిగించి, రెండు అంగుళాల వర్మిక్యులైట్ కాంక్రీటు. వర్మిక్యులైట్ మనకు పరాయిది కాదు. అభ్రకం దొరికే మన నెల్లూరు, గూడూరు, సైదాపురం వైపే ఆ ఖనిజమూ ఉంది. వేడి చేస్తే పొరలు విడిపోయి పేలాల్లా ఉబ్బుతుంది. మొక్కల నర్సరీల్లో కుండీల మట్టిలో కలపడానికి అమ్ముతారు. ఎనిమిది పాళ్లకు ఒక పాలు సిమెంటు కలిపి, గుప్పిట్లో పిండితే ముద్ద కట్టేంత నీళ్లే పోయాలి. దుప్పటి కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ నూగు ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది.

దుప్పటికి డబ్బు లేకపోతే? రైసుమిల్లు ఊక బూడిద ఉంది. అందులో ఎక్కువ భాగం సిలికా. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన చల్లేది దీన్నే. గుమ్మటం చుట్టూ అడుగు దూరంలో ఒక పలచని ఇటుక గోడ కట్టి ఆ సందులో నింపితే సరిపోతుంది. అయితే ఈ బూడిద గాలిలో లేచినప్పుడు పీల్చకూడదు, దీనికీ మాస్కు కావాలి. తడిస్తే అణగారిపోతుంది కాబట్టి పైకప్పు లేనిచోట పెట్టవద్దు.

ఇక ఆరబెట్టడం. పని అయ్యాక వారం రోజులు నీడన వదిలేశాను. తరువాత మొదటిరోజు పుల్లలతో సన్నని మంట, వంద డిగ్రీలు దాటీ దాటకుండా, ఆరు గంటలు. రోజుకు 40 డిగ్రీలు చొప్పున పెంచుతూ మరో వారం. వేడి చూడడానికి, కొరోనా కాలంలో నుదుటికి పెట్టిన తుపాకీ లాంటిది వాడతాను. అదే తుపాకీ పనికిరాదు, అది జ్వరం కొలవడానికి చేసింది. పరిశ్రమల్లో వాడేది వేరే దొరుకుతుంది. లోపల ఇంకా తడి ఉందో లేదో తెలుసుకోవడానికి, పైభాగం గోరువెచ్చగా ఉన్నప్పుడు దానిమీద ఒక పాలిథిన్ ముక్క పరచండి. పావుగంటలో లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే.

వాన సంగతి ఇప్పుడు. గుమ్మటం నడినెత్తిన దుప్పటి పొర దాకా ఒక అర అంగుళం ఇనుప గొట్టం నిలబెట్టి, పైన వాన పడకుండా మూత పెట్టాను. లోపల ఎక్కడో చిక్కిన తడి ఆ దారిన బయటికి పోతుంది. చుట్టూ సున్నం కలిపిన ప్లాస్టరింగు చేయించి, వారం ఆరాకే పైన వాన ఆపే పెయింటు వేశాను. గొట్టం పెట్టకుండా, ఆరకుండా ఆ పెయింటు వేస్తే అది లోపలి తడిని బంధిస్తుంది, పొక్కులు లేస్తాయి. నా టార్పాలిన్ చేసిందీ అదే. పైనుంచి వాన ఆపింది, నేలలోంచి ఎక్కిన తడిని పోనివ్వలేదు. అవును, ఇటుక నేలలోంచి కూడా నీరు పీలుస్తుంది, దీపపు వత్తి నూనె పీల్చినట్టు. అందుకే బట్టీ చుట్టూ నేలను బయటికి వాలుగా చేసి, దిమ్మె కింది వరస చుట్టూ నీరు నిలవకుండా కాలువ తీశాను.

పొగగొట్టం చేరే చోట సిమెంటు పూయకండి. ఇనుము వేడికి ఇటుకకన్నా సుమారు రెట్టింపు సాగుతుంది, సిమెంటు రెండో రోజే విడిపోతుంది, ఆ సందులోంచే వాన దిగుతుంది. అక్కడ సెరామిక్ తాడు చుట్టి, పైన రేకు గొడుగు బిగించాలి.

ఇవన్నీ చేసినా నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ కాపాడింది పైకప్పు. నాలుగు ఇనుప స్తంభాలు, ఇనుప రేకులు, చూరు రెండడుగులు బయటికి. మన వానలు ఈశాన్యం నుంచి ఏటవాలుగా కొడతాయి కాబట్టి ఆ వైపు నిలువు రేకు కూడా. సిమెంటు రేకులు వెయ్యవద్దు, సెగ తగిలితే పేలి ముక్కలు ఎగురుతాయి. పక్కన తాటాకు ఇల్లు ఉంటే నిప్పురవ్వలు ఎటు పోతాయో ముందు చూసుకోండి. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే కప్పు వేయండి, దుప్పటి వచ్చే ఏడాది కొనవచ్చు.

ఇప్పుడు 30 కిలోల కట్టె బదులు 17, 18 కిలోలతో సరిపోతోంది. రాత్రి పదికి నోరు మూసేస్తే మర్నాడు పొద్దున 190, 200 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడితో, కొత్తగా ఒక్క పుల్ల వెయ్యకుండా, బన్నులు కాల్చి రెండు టీ కొట్లకు వేస్తున్నాను. అమ్మ గ్రూపు అప్పు 2023లో తీరింది. ఆఖరి కంతులన్నీ బన్నుల డబ్బే.

సాయంత్రం బట్టీ మండుతున్నప్పుడు అమ్మ వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూస్తుంది. కాలకపోతే ఏమీ అనకుండా వెళ్లిపోతుంది. నోటి పక్కన ఒకచోట ఇంకా కాస్త వెచ్చగా తగులుతోందట, అక్కడ మెత్తు పలచనైందని అంటోంది. ఈ ఎండాకాలం అది తవ్వి చూడాలి.

పదో తరగతి తమ్ముళ్లు ఉష్ణం పాఠం అయ్యాక మాస్టారిని అడిగి ఒక ఆదివారం రండి. శనివారం రాత్రి వేడి మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఎన్ని గంటలకు ఎన్ని డిగ్రీలు తగ్గిందో మీరే కొలిచి గ్రాఫు గీయవచ్చు. వచ్చేటప్పుడు చిలగడదుంపలు తెచ్చుకోండి.